లారీలు లేని మొరం బాట

"షుగరుంది, బి.పి. ఉంది, బరువు తగ్గుమన్నరు. సైకిలు తొక్కుమంటరు. యాడ తొక్కాలె సార్, బస్సుల కిందనా?"

ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి.లో కూర్చున్న ఏ డాక్టరుకైనా ఈ ప్రశ్న కొత్త కాదు. బోరబండ, ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవారు మరీ అడుగుతారు. వారు అడగడంలో న్యాయం ఉంది. మందుచీటీ మీద "రోజూ వ్యాయామం" అని రాసేవాడు ఆ వ్యాయామం ఎక్కడ చేయాలో కూడా చెప్పాలి. మాత్ర రాసి, అది ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పకపోతే రోగికి ఏం ప్రయోజనం?

అందుకని ఈ వారం మిమ్మల్ని ఒక ప్రయాణానికి రమ్మంటున్నాను. బోరబండలో బయలుదేరి వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండల దాకా వెళదాం. అక్కడి అడవిలో లారీ హారను వినిపించని ఎర్రమట్టి బాటల మీద సైకిలు తొక్కుదాం. తొక్కుతూ గుండె, మోకాలు, ఊపిరితిత్తి ఏం చేస్తున్నాయో మాట్లాడుకుందాం. విశాఖ మన్యంలో అరకు దారిలో మరో అనంతగిరి ఉంది. నేను చెబుతున్నది అది కాదు. మూసీ నది పుట్టే మన తెలంగాణ అనంతగిరి.

బోరబండ పేరులోనే బండ ఉంది. హైదరాబాదు కూర్చున్నదే గ్రానైటు రాతి మీద. ఆ గుట్టల మీద, వాలుల మీద ఇళ్ళు వెలిశాయి. సందులు సన్నం, ఎత్తుపల్లాలు ఎక్కువ. ఒక ఆటో ఎదురొస్తే సైకిలువాడు గోడకు ఆనుకుని నిలబడాలి. పెద్ద రోడ్డెక్కితే సిటీ బస్సులు, నీళ్ళ ట్యాంకర్లు, ఒకదాన్నొకటి తరుముకునే మోటారు సైకిళ్ళు. భయం ఊరికే పుట్టలేదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. ఇది ప్రభుత్వం ప్రకటించిన లెక్క. వారిలో పాదచారులు, సైకిలువాళ్ళు కూడా ఉన్నారు. గుండెను కాపాడుకోవడానికి బయలుదేరి తల పగలగొట్టుకోమని ఏ డాక్టరూ చెప్పడు.

అయితే రోడ్డు ప్రమాదం వల్ల పోయే ప్రాణాలు కళ్ళకు కనిపిస్తాయి. కుర్చీలో కూర్చుని పోయే ప్రాణాలు కనిపించవు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. వీరిలో చాలామందికి జబ్బు మొదటిసారి తెలిసేది వేరే పని మీద రక్తపరీక్ష చేయించుకున్నప్పుడే. ఒళ్ళు కదలకపోవడం ఈ జబ్బుకు ఒక ముఖ్య కారణం.

కదిలేవాడికీ కూర్చునేవాడికీ తేడా ఏమిటో మొదట చక్కగా చూపించింది ఒక బస్సే. లండనులోని రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1953లో ప్రకటించిన పరిశీలనలో డ్రైవర్ల కంటే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చినట్టు తేలింది. తరువాత 2000లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్ నుంచి మరో పరిశీలన వచ్చింది. పనికి సైకిలు మీద వెళ్ళేవారిలో మరణాలు, అలా వెళ్ళనివారి కంటే పాతిక శాతానికి పైగా తక్కువ. అక్కడ సైకిలుకు వేరే దారి ఉంటుందన్న సంగతి మరవకండి. మందుతో పాటు దుకాణం కూడా వారే కట్టుకున్నారు.

సైకిలు తొక్కితే లోపల ఏం జరుగుతుంది?

మన శరీరంలో అన్నిటికంటే పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. పెడలు తొక్కినప్పుడు పనిచేసేవి అవే. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తనంత తానుగా లోపలికి లాక్కుంటుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని మధుమేహ రోగిలో కూడా ఈ తలుపు తెరుచుకుంటుంది. తొక్కడం ఆపిన తరువాత కూడా ఒక రోజు, ఒకటిన్నర రోజు ఆ ప్రభావం ఉంటుంది. ఆ తరువాత తలుపు మళ్ళీ మూసుకుంటుంది. అందుకే షుగరు రోగులకు వ్యాయామంలో వరసగా రెండు రోజుల కంటే ఎక్కువ ఎడం ఉండకూడదని చెబుతాం. ఈ మాట గుర్తుంచుకోండి. కొండ దిగేటప్పుడు దీనితో పని ఉంది.

మోకాళ్ళ నొప్పులవారికి సైకిలు మంచి స్నేహితుడు. నడకలో ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిలు మీద ఆ బరువును సీటు మోస్తుంది. కీలు ఆడుతుంది, అరగదు. కాకపోతే సీటు ఎత్తు సరిగా ఉండాలి. సీటు మీద కూర్చుని మడమను పెడలు మీద పెట్టి కిందికి తొక్కితే, అడుగున కాలు తిన్నగా చాచుకోవాలి. మడమ తీసి ముందరి పాదంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదే సరైన ఎత్తు. మన ఊళ్ళలో చాలామంది రెండు కాళ్ళూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు బాగా దించి తొక్కుతారు. దానితో మోకాలి చిప్ప మీద ఒత్తిడి పెరిగి, "సైకిలు తొక్కితే నొప్పి ఎక్కువైంది" అంటారు. నొప్పి సైకిలుది కాదు, సీటుది.

ఒక విషయం ఉన్నదున్నట్టు చెప్పాలి. సైకిలు వల్ల ఎముకలకు పెద్దగా బలం చేకూరదు. ఎముక గట్టిపడాలంటే దాని మీద ఒంటి బరువు పడాలి. నెలసరి ఆగిపోయిన స్త్రీలు సైకిలుతో పాటు నడక, మెట్లు ఎక్కడం కూడా మానకూడదు.

అనంతగిరి దాకా

బోరబండలో ఎం.ఎం.టి.ఎస్. స్టేషను ఉంది. ఆ పట్టాల మీదే లింగంపల్లి, శంకరపల్లి దాటి వికారాబాదు జంక్షను వస్తుంది. స్థానిక రైలులో లింగంపల్లి వెళ్ళి, అక్కడ వికారాబాదు వైపు వెళ్ళే బండి ఎక్కితే ఇంచుమించు గంట ప్రయాణం. సైకిలును రైల్లో పంపదలచినవారు ముందు రోజే స్టేషనులో లగేజీ సంగతి కనుక్కోండి. నలుగురైదుగురు కలిస్తే ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్ళన్నీ అందులో వేసి పంపడం ఇంకా సులువు.

కొందరు కుర్రవాళ్ళు హైదరాబాదు నుంచి మొయినాబాదు, చేవెళ్ళ మీదుగా సైకిలు మీదే వెళతామంటారు. వద్దంటాను. ఆ రోడ్డు పక్కన ఊడలు దిగిన మర్రిచెట్లు ఎంత అందంగా ఉన్నా, అది బరువు లారీల దారి. 2025 నవంబరు 3న చేవెళ్ళ దగ్గర కంకర లారీ ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. దాదాపు 20 మంది చనిపోయారు. లారీలోని కంకర బస్సులోని మనుషుల మీద కుమ్మరించింది. బస్సుకే దిక్కు లేని చోట సైకిలు ఏపాటి? రైలు ఎక్కండి.

వికారాబాదులో దిగి కొండ వైపు తిరిగితే నేల రంగు మారుతుంది. మన బోరబండ గ్రానైటు పోయి, ఇనుప తుప్పులాంటి ఎర్రటి మొరం కనిపిస్తుంది. లక్షల ఏళ్ళ వానలకు, ఎండలకు రాయి చివికి అలా గులకగా మారింది. పల్లెల్లో బండ్ల బాటకు, ఇంటి ముంగిలికి పోసేది ఈ మొరమే. బురద పొలంలా దిగబడదు. చక్రం కింద కరకరమంటూ గట్టిగా నిలుస్తుంది.

ఇలాంటి బాటల మీద సైకిలు తొక్కడం ఇప్పుడు ప్రపంచమంతటా ఒక వేడుక. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో 2006 నుంచి మొరం బాటల మీద 200 మైళ్ళ పందెమే జరుగుతోంది. దీనికోసం వెడల్పు టైర్లు, వంపు హ్యాండిలు ఉన్న ప్రత్యేకమైన సైకిళ్ళు వచ్చాయి. మీకు అవేమీ అవసరం లేదు. పందెం మన పని కాదు. బ్రేకులు బాగా పనిచేసే, కాస్త వెడల్పు టైర్లున్న గేర్ల సైకిలు చాలు. టైర్లలో గాలి మరీ బిగించకండి. కొద్దిగా తగ్గిస్తే మొరం మీద పట్టు బాగుంటుంది, నడుముకు కుదుపు తగ్గుతుంది. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు మాత్రం ఏ సైకిలునూ వదలవు. పంక్చరు సామాను, చేతి పంపు వెంట ఉండాలి.

కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది. ఆ పరిసరాల్లోనే మూసీ పుడుతుంది. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన మూసీ ఇదే. ఆ వరద తరువాతే దీని మీద గండిపేట చెరువు కట్టారు. 1920లో పూర్తయింది. ఇన్నేళ్ళుగా నగరం ఆ చెరువు నీళ్ళు తాగుతోంది. మన నల్లాకూ ఈ అడవికీ ఉన్న చుట్టరికం అది.

ఆదివారాల్లో గుడి దారి, ఘాటు రోడ్డు కార్లతో నిండిపోతాయి. అక్కడ ఆగకండి. అసలు దారులు పక్కనున్నాయి. అడవి అంచు పల్లెల మధ్య బండ్ల బాటలు, పొలాల వెంట మొరం దారులు. వాటి మీద ఎదురయ్యేది మేకల మంద, కట్టెల మోపు, మహా అయితే ఒక ట్రాక్టరు. రిజర్వు అడవి లోపలి బాటలకు మాత్రం అటవీ శాఖవారి అనుమతి అడిగి తీసుకోవాలి. ఏ బాటకు వెళ్ళవచ్చో, ఎక్కడికి వెళ్ళకూడదో వారే చెబుతారు. చీకటి పడకముందే బయటికి రావాలి. ఎండాకాలంలో ఎండుటాకుల మధ్య ఒక బీడీ ముక్క చాలు, అడవి అంటుకోవడానికి. బీడీ, సిగరెట్టు ఇంటి దగ్గరే వదిలి రండి. మళ్ళీ ఇంటికి వెళ్ళాక కూడా ముట్టకపోతే ఈ ప్రయాణానికి ఖర్చంతా తిరిగొచ్చినట్టే.

కొండ గాలి మందా?

అనంతగిరి పేరు చెబితే పాత తరం వైద్యులకు గుర్తొచ్చేది క్షయ శానిటోరియం. నిజాం పాలన కాలంలో క్షయ రోగులను ఈ కొండ మీదికి పంపేవారు. అప్పటికి మందులు లేవు. మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ను కనుక్కున్నదే 1943లో. అంతకుముందు మంచి గాలి, మంచి తిండి, మంచం మీద విశ్రాంతి ఇవే చికిత్స. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం వెనుకనున్న ఆలోచన కూడా అదే. ఎత్తయిన చోట, చెట్ల మధ్య రోగి నెలల తరబడి పడుకునేవాడు. కొందరు కోలుకునేవారు, ఎందరో కోలుకునేవారు కాదు.

తరువాత మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. 1956లో మొదలుపెట్టి 1959లో ఫలితాలు ప్రకటించారు. కొందరు క్షయ రోగులను శానిటోరియంలో ఉంచి మందులిచ్చారు. కొందరికి వారి ఇళ్ళలోనే, ఇరుకు వీధుల్లోనే అవే మందులిచ్చారు. ఇంటి దగ్గరివారికి గాలి అంతంత మాత్రం, తిండి తక్కువ, విశ్రాంతి కూడా తక్కువ. అయినా ఇద్దరికీ జబ్బు దాదాపు ఒకేలా నయమైంది. ఆ ఫలితం ప్రపంచమంతటా క్షయ చికిత్సను మార్చేసింది. నయం చేసింది కొండ కాదు, క్రమం తప్పకుండా మింగిన మాత్ర.

మన ప్రయాణానికి ఇందులో ఒక పాఠం ఉంది. అనంతగిరి సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉంటుంది. హైదరాబాదే పదిహేడు వందల అడుగుల పైన ఉంది. కాబట్టి ఎత్తు వల్ల ఒంటికి వచ్చే మార్పు ఏమంత లేదు. గాలిలో పొగ తక్కువ, నీడ ఎక్కువ, చప్పుడు లేదు. ఇవి మంచివే. కానీ మీ షుగరును దించేది గాలి కాదు, మీరు తొక్కే పెడలు. ఆ పెడలును భయం లేకుండా తొక్కే దారి కోసమే మనం కొండకు వెళుతున్నాం. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడ కలపండి. కండరం తలుపు ఒకటి రెండు రోజుల్లో మూసుకుంటుంది. నెలకొకసారి అనంతగిరి వెళ్ళి మిగతా ఇరవై తొమ్మిది రోజులు సోఫాలో కూర్చుంటే, నెలకొక మాత్ర మింగి షుగరు తగ్గలేదన్నట్టు ఉంటుంది.

ముందు బోరబండలో, తరువాత కొండ మీద

అందుకని కొండకు వెళ్ళడానికి ముందు ఎనిమిది వారాలు ఊళ్ళోనే సాధన చేయండి. తెల్లవారుజామున ఐదున్నర, ఆరున్నర మధ్య కాలనీ లోపలి వీధులు, ఆటస్థలాలు కాస్త ఖాళీగా ఉంటాయి. మొదటి రెండు వారాలు రోజుకు పది పదిహేను నిమిషాలు చాలు. ఆ తరువాత వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి. వారానికి కనీసం ఐదు రోజులు. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఎనిమిదో వారానికి మీరు ఆ లెక్క అందుకుంటారు.

ఎంత వేగంగా తొక్కాలి? దీనికి గడియారం అక్కర్లేదు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట వస్తే ఇంకాస్త తొక్కండి. మాట తెగిపోతే నెమ్మదించండి. ఎటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి నాడి వేగం పెరగదు కనుక, నాడి లెక్క కంటే ఈ మాట లెక్కే మేలు.

సెలవు రోజున కొంచెం దూరం పోగలిగితే ఔటర్ రింగు రోడ్డు పక్కన సైకిళ్ళ కోసమే వేసిన దారి ఉంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు నుంచి మొదలవుతుంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు, పైన సౌర ఫలకాల కప్పు. మొరం కాదు గానీ లారీ దగ్గరికి రాదు. కొండకు ముందు ఇది మంచి మెట్టు.

కొండ మీద మొదటిసారి పది కిలోమీటర్లు మించకండి. ఎక్కుడులో చిన్న గేరు వేసి, కాళ్ళు తేలికగా తిప్పండి. ఆయాసం వస్తే దిగి సైకిలు నడిపించుకోండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. పడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. మొరం మీద చక్రం జారుతుంది. మలుపులో బ్రేకు పట్టకండి, మలుపుకు ముందే వేగం తగ్గించండి. రెండు బ్రేకులూ వాడండి, కానీ ముందు బ్రేకు ఒక్కటీ గట్టిగా నొక్కకండి. ఒళ్ళు కాస్త వెనక్కి జరిపి కూర్చోండి. హెల్మెట్టు లేకుండా దిగవద్దు. చెప్పులతో వద్దు, బూట్లు వేసుకోండి. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి చెప్పులోంచి గుచ్చుకున్న ముల్లు రాత్రికి గానీ తెలియదు. ఇంటికి వచ్చాక అరికాళ్ళు వెలుతురులో చూసుకోండి.

అమ్మలు, అక్కలు కూడా రావాలి. చీర కుచ్చిళ్ళు చైనులో పడతాయి గనక సల్వారు గానీ ప్యాంటు గానీ వేసుకోండి, చున్నీ నడుముకు బిగించండి. యాభై ఏళ్ళకు సైకిలు నేర్చుకోవచ్చా అని అడిగేవారున్నారు. ఖాళీ స్థలంలో సీటు దించి, పెడళ్ళు తొక్కకుండా కాళ్ళతో నేలను తన్నుకుంటూ ముందు నిలకడ అలవాటు చేసుకోండి. ఆ తరువాత పెడలు. నిలకడ కుదిరాక సీటును సరైన ఎత్తుకు పెంచుకోండి.

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో ఎర్రమట్టి ముద్దకట్టి చక్రాన్ని పట్టేస్తుంది. ఎండాకాలంలో ఉదయం తొమ్మిది దాటితే తొక్కడం ఆపాలి. గంటకు అర లీటరు తక్కువ కాకుండా నీళ్ళు తాగండి. మూత్రపిండాల జబ్బు, గుండె నీరసం ఉండి నీళ్ళు కొలిచి తాగేవారు తమ డాక్టరు చెప్పిన లెక్క దాటకూడదు. ఉబ్బసం ఉన్నవారు ముందువారి దుమ్ములో తొక్కకుండా ఎడంగా ఉండాలి. ఇన్‌హేలరు జేబులో ఉండాలి, సంచిలో కాదు.

ఎవరు ఆగాలి, ఎప్పుడు ఆగాలి

నలభై దాటి, షుగరు గానీ బి.పి. గానీ పొగ అలవాటు గానీ ఉండి, ఏళ్ళ తరబడి వ్యాయామం చేయనివారు ముందు డాక్టరుకు చూపించుకుని, ఆయన అవసరమంటే ఇ.సి.జి. తీయించుకోండి. బి.పి. 180/110 దగ్గర ఉన్నవారు అది దిగేదాకా ఆగండి. గుండెపోటు వచ్చి కొద్ది నెలలే అయినవారు, షుగరు వల్ల కంటి వెనుక పొరలో కొత్త రక్తనాళాలు పుట్టినవారు, కాలి మీద పుండున్నవారు, మూర్ఛలు అదుపులో లేనివారు డాక్టరు అనుమతి లేకుండా కొండ మీదికి రావద్దు.

ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లాజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి తొక్కుతుండగా షుగరు పడిపోవచ్చు. చేతులు వణకడం, చెమట, కళ్ళు మసక, ఉన్నట్టుండి చిరాకు, ఇవి గుర్తులు. వెంటనే దిగి మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగి పదిహేను నిమిషాలు కూర్చోండి. తగ్గకపోతే మరోసారి తాగండి. తగ్గాక ఏదైనా తినండి. ఆ చక్కెర పొట్లం మీతో పాటు మీ పక్కవారి జేబులో కూడా ఉండాలి. ఖాళీ కడుపుతో ఎవరూ బయలుదేరవద్దు.

ఛాతీ మధ్య బరువు, నొక్కినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట, కారణం లేని ఆయాసం వస్తే అది గ్యాసు అని సోడా తాగుతూ కూర్చోకండి. దిగండి, కూర్చోండి, 108కి ఫోను చేయించండి. అడవిలో ఫోను అందని చోట్లుంటాయి. అందుకే ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళకూడదు, ఏ దారిన వెళుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళాలి.

పడి దోక్కుపోతే గాయంలోని మొరం పోయేదాకా సబ్బుతో, ధారగా కారే నీళ్ళతో కడగండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే వేయించుకోండి. పల్లె కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. ఆ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, తాడుతో బిగించి కట్టవద్దు. ఆ కాలు కదలకుండా పెట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చండి. విరుగుడు మందు మంత్రగాడి దగ్గర ఉండదు.

దారి మిగలాలి

ఇదే వికారాబాదు జిల్లాలో పూడూరు మండలం దామగుండం అడవి ఉంది. అందులో సుమారు 2,900 ఎకరాలను నౌకాదళం వారి రేడియో కేంద్రానికి కేటాయించి, 2024 అక్టోబరు 15న శంకుస్థాపన చేశారు. స్థానికులు, పర్యావరణవాదులు వద్దన్నారు, ప్రభుత్వం దేశ రక్షణకు కావాలంది. ఆ తగాదా తీర్చడం ఈ శీర్షిక పని కాదు. డాక్టరుగా నేను చెప్పగలిగింది ఒకటే. మనుషులు భయం లేకుండా నడిచే, తొక్కే దారి తగ్గిన ప్రతిసారీ ఆసుపత్రి వరస కొంచెం పెరుగుతుంది. ఆ లెక్క ఏ పథకం కాగితంలోనూ రాయరు.

మీ కాలనీ సంఘం సమావేశంలో నీళ్ళ ట్యాంకరు సంగతి, దోమల మందు సంగతి అడుగుతారు కదా? ఈసారి మరొకటి అడగండి. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా మన వీధుల్లో ఒక్కటైనా మోటారు బండ్లు లేకుండా పిల్లలకు, పెద్దలకు విడిచిపెట్టగలరా అని. కాలనీ మైదానం గేటు తెల్లవారుజామున తెరిచి ఉంచగలరా అని. డబ్బు ఖర్చు లేని కోరిక ఇది. బోరబండలో ఒక వీధి దొరికితే, అది నెలకొకసారి వెళ్ళే అనంతగిరి కంటే మీ గుండెకు ఎక్కువ మేలు చేస్తుంది.

అటక మీద పాత సైకిలు ఉంటే రేపే దించండి. బ్రేకులు, టైర్లు బాగు చేయించండి, సీటు ఎత్తు నేను చెప్పినట్టు సరిచూసుకోండి. ఎల్లుండి ఉదయం పది నిమిషాలు. ఎనిమిది వారాల తరువాత కొండకు రైలు టిక్కెట్టు కొనుక్కుందురు గాని.